అన్నిట్లోనూ తీసేశాను

మా చిన్నది ఫోటోలు తీస్తుంది. చిన్నదంటే కూతురు కాదు, తోడికోడలు, మా మరిది భార్య. ఊళ్ళు తిరిగి అక్కడి గడియార స్తంభాలూ వంతెనలూ ఊరేగింపులూ తీయడం తన పని. ఆ ఫోటోల్లో పెద్ద కట్టడం ముందు బొటనవేలంత మనిషి అటు తిరిగి నిలబడి ఉంటుందే, అది నేను. ఉంటుంది అన్నానా? అలవాటులో వచ్చేసింది. కోపంలో ముందుది వెనకా వెనకది ముందూ చెప్పేస్తే మీకేమీ అర్థం కాదు. వరసలోనే చెబుతాను.

మా వారికి డ్రైక్లీనింగ్ షాపు ఉంది. అందులో కిటికీ పక్కన నా కుట్టుమిషను. ప్యాంట్లు పొట్టి చేయడం, కోట్ల లోపలి గుడ్డ మార్చడం, జిప్పులు వేయడం నా పని. వచ్చినవాళ్ళని ఎత్తుపీట మీద నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని అంచు మడుస్తాను. బూట్లు చూసి మనిషెవరో చెప్పగలను. అదే మనిషి బజార్లో ఎదురైతే మాత్రం నన్ను ఎప్పుడూ చూడనట్టే పక్కనుంచి వెళ్ళిపోతాడు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు చూసేది నా నడినెత్తిని. నోట్లో సూదులున్నంతసేపూ ఆపుకున్న మాటలన్నీ తర్వాత ఒక్కసారిగా బయటికొస్తాయి కాబట్టి, మా వారు నాకు లౌడ్‌స్పీకరని పేరు పెట్టారు.

చిన్నది మా ఇంటికొచ్చిన కొత్తలో, ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకుంటానంటే ఇల్లు రెండుగా చీలింది. ఒక పక్క మా అత్తయ్య, మరిది, మా వారు. రెండో పక్క నేనొక్కదాన్నే.

"కోడలు ఊళ్ళమ్మట తిరిగితే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అంది అత్తయ్య.

"నేను వెలిగిస్తానత్తయ్యా. ఇన్నాళ్ళూ వెలిగించింది ఎవరు, దేవతలా?" అన్నాను.

అలా మాటకి మాట పెరిగి, చివరికి అత్తయ్య ఒక షరతు మీద దిగొచ్చింది. చిన్నది ఒంటరిగా వెళ్ళకూడదు, నేను తోడు వెళ్ళాలి. తోడికోడలు అనే మాటలోనే తోడు ఉంది కదాని నేను నవ్వుకున్నాను. షాపు ఎక్కువ రోజులు వదలలేను కాబట్టి మా ప్రయాణాలన్నీ పొట్టివే, ప్యాంట్లలాగే.

మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆకాశాన్నంటే గోపురమొకటి ఫోటోలో ఉప్పుడబ్బాలా వచ్చింది. చిన్నది ఏడుపుముఖం పెట్టింది. కాసేపటికి, "అక్కా, నువ్వెళ్ళి దాని ముందు నిలబడవా? ఇటు చూడకు, దాన్నే చూస్తున్నట్టు ఉండు" అంది. వెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. తర్వాత తెర మీద చూపించింది. గోపురం నిజంగానే గోపురమంత అయింది.

"చూశావా? నువ్వుంటేనే అది ఎంతుందో తెలుస్తోంది" అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అప్పట్నుంచీ ప్రతి ఊళ్ళోనూ నిలబడ్డాను. ఎండలో, చినుకుల్లో, మెట్ల మీద, రోడ్డు మధ్యలో. ముఖం కనపడాలని ఏనాడూ అడగలేదు. మా ఇంట్లోవాళ్ళకి నా వీపు చాలు. "నడుం మీద చెయ్యేసి పోట్లాటకి నిలబడ్డట్టు నిలబడింది, ఇంకెవరు, మా పెద్దదే" అని అత్తయ్య ఫోటో చూసిన ప్రతిసారీ మురిసిపోయేది. కెమెరా వద్దన్న మనిషే, పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించేది.

ఇన్నేళ్ళూ ఆ ఫోటోలు ఫోన్లలోనే ఉండిపోయాయి. ఈసారి అలా కాదు. ఒక నగరంలో ఇనుప వంతెన కట్టి వందేళ్ళయిందని పెద్ద సంబరం చేస్తున్నారు. ఫోటోలు తీసేవాళ్ళని కొందరిని ఎంచి పిలిచారు. మూడు రోజులు అక్కడి కట్టడాలూ సంబరాలూ తీసి ఆ రాత్రికే పంపాలి, మర్నాడు మధ్యాహ్నం వాటిని టౌన్‌హాలు గోడలకి తగిలిస్తారు, తలుపంత పెద్దవి చేసి. చిన్నదానికి పిలుపు వచ్చినరోజు ఇద్దరం వంటింట్లో గంతులేశాం. తలుపంత ఫోటోలో నేను జానెడైనా ఉంటాను కదా! ఊరు కాని ఊళ్ళో, నా ముఖం కూడా తెలియని జనం ఆగి నన్ను చూస్తారు. నాకు కావలసింది అదొక్కటే.

దానికోసం పసుపురంగు కోటు కుట్టుకున్నాను. రాతికట్టడాల ముందు పసుపైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని చిన్నదే రంగు చెప్పింది. వెనకభాగం మూడుసార్లు విప్పి కుట్టాను. ఎవరైనా కోటు ముందుభాగం చూసుకుంటారు, నేను వీపు చూసుకున్నాను.

ఆ ఊళ్ళో మొదటి రెండు రోజులూ పొద్దున్నే లేచి గడియార స్తంభం దగ్గరా, రైల్వేస్టేషను పెద్దహాల్లోనూ, గ్రంథాలయం మెట్ల మీదా తీశాం. గ్రంథాలయం కాపలా మనిషి మూడుకాళ్ళ స్టాండు పెట్టనివ్వనన్నాడు. మాటల్లో పెట్టి, అతని చొక్కా చేతి అంచు ఊడి ఉంటే అక్కడే కూర్చుని కుట్టిపెట్టాను. ఆ పైన స్టాండేమిటి, కావాలంటే కుర్చీ కూడా వేస్తానన్నాడు. చిన్నది మెట్లకింద నిలబడి, "అక్కా, నువ్వు లేకపోతే నేనేమైపోదునే" అంది. అది మనస్ఫూర్తిగా అన్నమాటే అని ఇప్పటికీ నమ్ముతాను. అందుకే ఎక్కువ మండుతోంది.

మూడోరోజు సాయంత్రం వంతెన సంబరం. ఊరు ఊరంతా వంతెన మీదే ఉంది. బ్యాండువాళ్ళు, భుజాల మీద పిల్లలు, చేతుల్లో కాగితపు జెండాలు, ఇనుప దూలాల నిండా దీపాల తోరణాలు. చిన్నది ఒక చివర స్టాండు పెట్టి, నన్ను నట్టనడుమ నిలబడమంది. షట్టరు కొంతసేపు తెరిచి ఉంచుతుందట. నడిచేవాళ్ళందరూ పొగలా చెరిగిపోతారు, కదలనివాళ్ళు మాత్రమే నిలుస్తారు.

"ఊపిరి కూడా మెల్లగా తీసుకో అక్కా. మొత్తం ఊళ్ళో నువ్వొక్కదానివే కనిపిస్తావు" అంది.

నిలబడ్డాను. పెద్ద బూర ఊదేవాడు నా భుజానికి గుద్దుకుని వెళ్ళాడు. ఎవరి పిల్లాడో ఐసుక్రీము చేతితో నా కోటు పట్టుకుని లాగాడు. ముక్కు దురద పెట్టింది. అయినా కదల్లేదు. ఇంతలో ఒక పోలీసు వచ్చాడు.

"అమ్మా, దారికి అడ్డం. పక్కకి జరగండి."

"బాబూ, నేను ఫోటోలో ఉన్నాను. నువ్వు కూడా కదలకుండా నిలబడితే నువ్వూ పడతావు" అన్నాను, పెదాలు కదపకుండా. నోట్లో సూదులతో మాట్లాడే అలవాటు అలా పనికొచ్చింది.

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. టోపీ సర్దుకుని, నావైపు కాస్త తల వంచి, బొమ్మలా నిలబడిపోయాడు. "మా ఆవిడకి చూపించాలి, ఎక్కడ దొరుకుతుంది?" అని గొణిగాడు. "రేపు టౌన్‌హాల్లో" అన్నాను.

తర్వాత చిన్నది పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను కావలించుకుంది. తెర మీద చూపించింది. నది లాంటి జనం మధ్య నిలబడ్డది ఇద్దరమే, పసుపు కోటు, పక్కన పోలీసు. దాని కళ్ళల్లో నీళ్ళు. "ఇది నా ఫోటో కాదక్కా, మనిద్దరిదీ" అంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున నేను లాడ్జి కిందకి వెళ్ళి రెండు కప్పుల టీ తెచ్చాను. మా గది తలుపు ఓరగా తెరిచి ఉంది. చిన్నది లాప్‌టాప్ ముందు కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది, ఆ ప్రదర్శన నడిపే మేడమ్‌తో.

"ఆవిణ్ణా? తీసేశానండీ. అన్నిట్లోనూ తీసేశాను. ఇంక మీకేం ఇబ్బంది ఉండదు."

చేతుల్లో టీ ఒలికింది. ఆనందంతో ఒలికింది, వినండి. అన్నిట్లోనూ తీసేసిందట! ఒక్కటి కూడా వదలకుండా అన్ని ఫోటోల్లోనూ నేనున్నాననీ, వాళ్ళు నాకోసమే అడిగారనీ అనుకున్నాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే చిన్నది ఉలిక్కిపడి లాప్‌టాప్ మూసేసింది. ఇది కూడా నన్ను ఆశ్చర్యపరచడానికే కాబోలు అనుకున్నాను. చూడాలనుకున్నదే కళ్ళకి కనపడుతుంది కదా.

దాన్ని ఏమీ అడగకుండా వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాను.

"అత్తయ్యా, అన్నిట్లోనూ నేనున్నాను. తలుపంత ఫోటోలు!"

"నిజమే? గోడ మీదే? ఉండు, పక్కింటావిడతో చెప్పాలి. మధ్యాహ్నం వీడియోలో చూపించవే, మీ ఆయన్ని షాపు మూసేసి రమ్మంటాను" అంది. వెనకనుంచి మా వారి గొంతు, "లౌడ్‌స్పీకరుని గోడకే కదా తగిలించాలి" అని. ఆయన కూడా సంతోషంగానే ఉన్నాడు. నాకు తెలుసు.

కోటు దులిపి, ఐసుక్రీము మరక తడిగుడ్డతో తుడిచి, వేసుకున్నాను. వచ్చినవాళ్ళు ఫోటోలు చూసి నన్ను చూస్తే గుర్తుపట్టాలి కదా. చిన్నది నన్ను ఎగాదిగా చూసి, "అక్కా, ఎండగా ఉంది, కోటెందుకులే" అంది. "పోవే, దీనికోసమే కదా ఇంత తంటా" అన్నాను. గోళ్ళు కొరుక్కుంటూ నా వెనకే వచ్చింది.

టౌన్‌హాలు నిండా జనం. మా చిన్నదాని ఫోటోలు కుడిగోడ మీద, వెలుగు బాగా పడే చోట. ముందు గడియార స్తంభం. దగ్గరికి వెళ్ళి చూశాను. స్తంభం ఉంది, పావురాలు ఉన్నాయి. నేను నిలబడిన చోట రాళ్ళు పరిచి ఉన్నాయి. సరే, ఇది వేరే షాటేమో అనుకున్నాను. గ్రంథాలయం మెట్లు ఖాళీ. స్టేషను హాల్లో ఎండ ఏటవాలుగా పడి ఉంది, ఆ ఎండలో ఎవరూ లేరు. నాలుగోదాని దగ్గరికి వెళ్ళాను. వంతెన. పొగలా చెరిగిన జనం. నట్టనడుమ పోలీసు, టోపీ సర్దుకుని, పక్కకి కాస్త తల వంచి, ఎవరూ లేని చోటుకి ఏదో చెబుతున్నట్టు నిలబడి ఉన్నాడు. కింద పేరు రాసి ఉంది: 'ఒంటరి'.

నా పక్కన ఒకావిడ తన భర్తతో, "ఎంత దిగులుగా ఉన్నాడో చూడండి" అంటోంది. దిగులూ లేదు, పాడూ లేదు, వాళ్ళావిడకి చూపించాలని ఉబలాటపడిపోయాడు ఆ మనిషి.

అప్పుడే ప్రదర్శన మేడమ్ వచ్చింది. మెడలో గుర్తింపు బిళ్ళ, ముఖం నిండా నవ్వు. నా కోటు చూసి ఆగిపోయింది.

"అయ్యో, మీరేనా! పసుపు కోటు! ఈ ఊరివాళ్ళా మీరు? ఏ ఫోటో చూసినా మీరే అడ్డమొచ్చేవారండీ! దారిన పోతూ ఎవరో ప్రతిసారీ ఫ్రేములోకి వచ్చేస్తున్నారని పాపం ఈమె ఎంత బాధపడిందో. కట్టడం మీద చూపు నిలవట్లేదు, తీసేయండి అన్నాం. ఎంత శుభ్రంగా తీసేసిందో చూడండి, జాడైనా లేదు. ఈ 'ఒంటరి' అయితే ప్రదర్శనకే తలమానికం!"

తీసేసింది. పొద్దున విన్న మాటే. ఫోటో తీయడానికీ, బియ్యంలో రాయి తీయడానికీ మనకున్నది ఒకే మాట అని నాకు అప్పటిదాకా తట్టలేదు.

చిన్నదాని వైపు చూశాను. "ఈవిడ మా అక్క" అనే మూడు మాటలు చాలు. మేడమ్ నాలుక కరుచుకునేది, నేను నవ్వేసేదాన్ని, అయిపోయేది. చిన్నది నేల చూపులు చూసింది. తర్వాత నావైపు కాకుండా మేడమ్ వైపు తిరిగి, పరాయివాళ్ళని చూసి నవ్వే నవ్వొకటి నవ్వింది. "అవునండీ, ఈవిడే" అంది.

ఇల్లంతా ఒక పక్క ఉన్నప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఆ రోజు మాత్రం నోట్లో సూదులు ఉన్నట్టే అయింది. ఒళ్ళంతా వేడెక్కింది. కోటు గుండీలు విప్పుకుంటూ జనంలోంచి వెనకమెట్ల దగ్గరికి నడిచాను. చిన్నది నా వెనకే వచ్చింది.

"ఎవరినే నేను?" అన్నాను.

"అక్కా, మెల్లగా. వింటారు."

"విననీ. దారిన పోయేదాన్నా? నీకు అడ్డమొచ్చానా నేను?"

"వాళ్ళు ఎవరీవిడ అని అడిగారక్కా. మా తోడికోడలు అంటే, ఇంట్లోవాళ్ళని నిలబెట్టి తీసే ఆల్బం ఫోటోలు అనుకుంటారని భయమేసింది. నోటికి అలా వచ్చేసింది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. మిగతా అందరూ పెద్దపెద్దవాళ్ళు. నన్నొక్కదాన్నే పంపేస్తే?"

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ముక్కు ఎగబీల్చింది. "చెబితే నువ్వేమనేదానివి? 'దానిదేముందే, తీసిపారెయ్, నీ ఫోటో గోడెక్కాలి' అనేదానివి. నువ్వు నాకు తెలీదా అక్కా? ఎలాగూ సరే అంటావు కదా అని..."

అదే అనేదాన్ని. అక్షరం పొల్లుపోకుండా అదే. కోటు విప్పి మడిచి పక్కన పెట్టి, అవతల నిలబడి, ఫోటో బాగా వచ్చిందా అని కూడా అడిగేదాన్ని. అడిగితే ఇచ్చేదాని దగ్గర కూడా దొంగతనం చేసింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ సంగతి చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. ఇదింకా ఏరు దాటకుండానే, తెప్ప మీద కూర్చునే అంటించింది. నమ్మించి గొంతు కోసిందని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే అది నన్ను నమ్మించలేదు. నేనే నమ్మాను.

"పెళ్ళయి మా గడప తొక్కిన రోజు నుంచీ నీకోసం అందరితోనూ పోట్లాడానే" అన్నాను. "ఒక్కదానితో నువ్వు పోట్లాడలేకపోయావు."

ఏడ్చింది. ఏడుస్తుందని తెలుసు. దాని ఏడుపు చూస్తే మామూలుగా నా చెయ్యి దాని తల మీదకి వెళ్తుంది. అప్పుడు వెళ్ళలేదు.

నా సంచిలో ఫోను మోగింది. ఇంటి నుంచి, వీడియో. చిన్నది గబగబా కళ్ళు తుడుచుకుని నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వే మాట్లాడు. ఏదో ఒకటి చెప్పు. వేరే హాల్లో పెట్టారనో, ఇంకా తగిలించలేదనో. అత్తయ్యకి ఎలా చెప్పాలో నీకే తెలుసు."

తెలుసు. ఎన్నిసార్లు చెప్పాను! చిన్నదాని రైలు తప్పిపోతే నా కడుపునొప్పి, చిన్నది ఫోను ఎత్తకపోతే నా మతిమరుపు. అబద్ధం నా నాలుక మీద తయారుగానే ఉంది.

ఫోను ఎత్తాను. తెర నిండా అత్తయ్య నుదురు. వెనక మా వారు, మరిది, కుర్చీ ఎక్కి తొంగి చూస్తున్న పక్కింటావిడ.

"ఏదే, చూపించు, చూపించు. ఇక్కడందరం కాచుకుని కూర్చున్నాం."

హాల్లోకి నడిచాను. ఫోనుని గోడవైపు తిప్పి ఒక్కొక్క ఫోటో ముందూ ఆగాను. గడియార స్తంభం, మెట్లు, స్టేషను, వంతెన.

"బాగున్నాయే, భలేగా ఉన్నాయి. ఆ పోలీసెవరు? అది సరే, నువ్వెక్కడే?"

"లేనత్తయ్యా."

"లేకపోవడమేంటే? అన్నిట్లోనూ ఉన్నానని పొద్దున్నే కదా చెప్పావు? ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటే లేనంటావేంటి? సరిగ్గా చూపించు."

మోచెయ్యి మీద చిన్నదాని వేళ్ళు బిగుసుకున్నాయి. అవి ఒక్కొక్కటీ విడిపించుకున్నాను.

"ఎందుకు లేనో నాకు చెప్పడం రాదు అత్తయ్యా. మీ చిన్నకోడలు చెబుతుంది" అని ఫోను తన చేతిలో పెట్టి, తెరలో నేను పడనంత దూరం జరిగాను.

"ఏమే చిన్నదానా, మా పెద్దది ఏదే?" అంది అత్తయ్య. ఆవిడ గొంతు హాలంతా వినిపించింది. నలుగురు తిరిగి చూశారు, మేడమ్ కూడా చూసింది. చిన్నది ఫోను పట్టుకుని చెప్పమన్నట్టు నావైపు చూసింది.

నేను గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాను.